బోర్డు లేని బాదం చెట్టు

మా వీధిలో చెట్ల సంరక్షణ దిగ్విజయంగా సాగుతున్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. నాటిన మొక్కలన్నీ ఎండిపోయాయి. బోర్డులకు మాత్రం చిన్న గీత కూడా పడలేదు.

తెలియనివారి కోసం పద్ధతి చెబుతాను. ఏటా వానలు మొదలవగానే మా వీధి వృక్ష సంరక్షణ సంఘం మొక్కలు నాటే దినం జరుపుతుంది. పరువు గల ప్రతి ఇంటాయన తన గేటు ముందు ఒక మొక్క నాటుతాడు. మొక్క చుట్టూ ఇనప కంచె వస్తుంది. కంచెకు రేకు బోర్డు వస్తుంది. బోర్డు మీద నాటినవారి పేరు, చదువు, చేసిన ఉద్యోగం, రిటైరైతే ఏ హోదాలో రిటైరయ్యారన్నదీ రాసి ఉంటాయి. ఫోటో దిగుతారు. చప్పట్లు కొడతారు. ఆ తరువాత మొక్క తన దారి తాను చూసుకుంటుంది.

వానలు వెళ్లేసరికి ఆకులు రాలతాయి. ఎండలు వచ్చేసరికి పుల్ల మిగులుతుంది. అయితే పుల్లను పీకకూడదు. పుల్ల పీకితే బోర్డు దేనికున్నట్టు? బోర్డు తీసేస్తే, అందులో పేరున్న పెద్దమనిషిని తీసేసినట్టే కదా. అందుచేత మా వీధిలో పుల్లకు రోజూ పొద్దున్నే చెంబుడు నీళ్లు పోస్తాం. బాగా పరువున్న ఇళ్లలో రెండు చెంబులు పోస్తారు.

కొత్తగా అద్దెకు దిగినాయన ఒకడు "ఎండిన కట్టెకు నీళ్లెందుకండీ" అని అడిగాడు. మేమంతా ఆయన వైపు జాలిగా చూశాం. పెద్దలను గౌరవించడం నేర్పని ఇంట్లో పెరిగాడు కాబోలు. ఆ తరువాత ఆయన భార్య, తెలియక, పసిబిడ్డ లాగు ఒకటి ఓ పుల్లకు ఆరేసింది. ఆ పుల్ల తాలూకు పెద్దమనిషి ఆ పూట అన్నం ముట్టలేదు. చివరికి మొగుడూ పెళ్లాలు ఇద్దరూ బోర్డు ముందు నిలబడి, పేరు చదివి, తప్పయిందని చెప్పాక గాని ఆయన ముద్ద మింగలేదు. ఇప్పుడు వాళ్లు కూడా నీళ్లు పోస్తున్నారు. మనిషి మారడానికి ఎంతో సేపు పట్టదు.

సంఘానికి అధ్యక్షులు పళ్ల డాక్టరు గారు. ఆయన లోకాన్నంతటినీ నోటి లోపలి నుంచే చూస్తారు. కార్యదర్శి నా బావమరిది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో పెద్ద గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. సంతకం లేనిది ఏదీ జరగనట్టే అని అతని నమ్మకం. సంఘం గురించి చెడ్డగా మాట్లాడే స్వేచ్ఛ అందువల్ల నాకు ఇంట్లో లేదు. నన్ను కూడా సభ్యుడిగా వేసుకున్నారు. నోరు విప్పను కనుక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఇక ఆ చెట్టు. వీధి మొదట్లో, రెండు దారులు కలిసే చోట ఒక బాదం చెట్టు ఉంది. రెండంతస్తుల ఎత్తు. గొడుగు మీద గొడుగు పెట్టినట్టు కొమ్మలు. డాక్టరు గారి కారు దాని కిందే ఆగుతుంది. కూరల బండి దాని కిందే ఆగుతుంది. సంఘం హాల్లో ఫ్యాను తిరగని రోజున, అంటే ఎప్పుడూ, సంఘం సమావేశం దాని కిందే జరుగుతుంది. ఇన్ని జరిగినా అది చెట్టని ఎవరికీ తోచలేదు. దానికి బోర్డు లేదు మరి.

ఆ చెట్టు కింద ఉన్నది పంక్చరు బాబాయ్ కొట్టు. కొట్టంటే గోడలూ తలుపులూ కావు. ఒక చెక్కపెట్టె, గాలి పంపు, నీళ్ల టబ్బు, ట్యూబు గీకే ఆకురాయి. చెట్టు మొదట్లో మేకులు కొట్టి ట్యూబులు తగిలించాడు. కింది కొమ్మకు తాడు కట్టి టైర్లు వేలాడదీశాడు. పొద్దస్తమానం ఆ చెట్టును తిడుతూ ఉంటాడు. ట్యూబును టబ్బులో ముంచి బుడగ ఎక్కడ వస్తుందా అని చూసే సమయానికే పైనుంచి విస్తరంత ఆకొకటి వచ్చి నీళ్ల మీద పరుచుకుంటుంది. "నీ కొమ్మ విరగ, నీకిప్పుడే రాలాలా" అంటాడు. ఆయన భార్య పక్కనే ముక్కాలిపీట వేసుకుని సైకిలు సీట్లకు తొడుగులు కుడుతుంది. ఆమెను వీధంతా పిన్నీ అంటాం. బాబాయ్ తిట్లు చెట్టుకు, పిన్ని తిట్లు బాబాయ్‌కి. ఆ మూడు ప్రాణాలూ అలా సుఖంగా కాలక్షేపం చేస్తుండేవి.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. ఎండలో పంక్చరు పని సాగదు. జిగురు రాయగానే ఎండి పెళుసు కడుతుంది, అతుకు నిలవదు. టైరు విప్పి పెట్టుకుని మండుటెండలో నిలబడే మనిషీ ఉండడు. వీధిలో మిగతా జాగా అంతా గేట్లు, గేట్ల ముందు బోర్డులు. చెట్టు పోతే కొట్టు పోయినట్టే. కొట్టు పోతే వాళ్లిద్దరికీ వేరే బతుకుతెరువు లేదు.

ఈసారి మొక్కలు నాటే దినానికి ఒక ముఖ్య అతిథి ఒప్పుకున్నారు. ఆయన ఏ పదవిలో ఉన్నారో మాకు సరిగా తెలియదు. ఆయన కారు వెనక ఇంకో కారు కూడా వస్తుందని తెలిసింది. అది చాలు. అంతటివారిని ఎండలో నిలబెట్టలేం గనుక టెంటు వేయాలి. పెద్ద టెంటు. అంత పెద్ద టెంటు పట్టే చోటు వీధి మొదలు ఒక్కటే. అక్కడ బాదం చెట్టుంది.

అత్యవసర సమావేశం జరిగింది. ఎండ దంచుతోంది కనుక బాదం చెట్టు కిందే కుర్చీలు వేశారు. డాక్టరు గారు లేచి గొంతు సవరించుకున్నారు.

"సోదరులారా, భూమి అనే నోటికి చెట్లే పళ్లు. పళ్లన్నాక వరుసలో ఉండాలి. వరుస తప్పి మొలిచిన పన్ను ఎంత గట్టిదైనా పక్కవాటిని తోసేస్తుంది. దాన్ని పీకేటప్పుడు నాకూ బాధగానే ఉంటుంది. కాని పీకుతాను. నోటి మొత్తం క్షేమం చూడాలి కదా."

గాలి చల్లగా వీచింది. పైనుంచి ఒక ఆకు వచ్చి అధ్యక్షుల వారి నెత్తిన వాలింది. ఆయన దాన్ని తీసి, దాంతోనే విసురుకుంటూ ఉపన్యాసం పూర్తి చేశారు. తరువాత మా బావమరిది తీర్మానం చదివాడు. 'నీడ నిమిత్తం వేయదలచిన టెంటుకు అడ్డుగా ఉన్నందున, వీధి మొదట గల బాదం మానును తొలగించి, మొక్కలు నాటే కార్యక్రమమును జయప్రదము చేయవలెనని ఇందుమూలముగా నిశ్చయించడమైనది.'

బాబాయ్ చేతిలో తడి ట్యూబు అలాగే పట్టుకుని లేచాడు.

"కార్యదర్శి గారూ, ఇది కొట్టేస్తే నేనెక్కడ కూచోవాలండీ?"

"అది మా పరిధిలోకి రాదయ్యా. మాది చెట్ల సంఘం."

"ఇదీ చెట్టే కదండీ."

"ఎవరు నాటారు?"

"ఎవరూ నాటలేదు. మొలిచింది."

"నీ నోటితో నువ్వే చెప్పావు. నాటితే చెట్టు, మొలిస్తే కలుపు. నాటినవాళ్లుంటే బోర్డుండేది. బోర్డుంటే ఇవాళ ఈ మాటే వచ్చేది కాదు."

పిన్ని సూది ఆపింది. "ఎవరూ నాటకపోవడమేంటి? కాకి నాటింది. పండు తిని గింజ పడేసి పోయింది."

"కాకి సంఘంలో సభ్యురాలు కాదమ్మా."

"కాదులెండి. సభ్యులు నాటినవి కనబడుతూనే ఉన్నాయి."

ఆమె వీధి పొడవునా ఉన్న పుల్లల వంక తీరిగ్గా చూసింది. మేమూ చూశాం. మా బావమరిది మాట మార్చాడు.

"అసలు చెట్టుకు ఈ మేకులెవరు కొట్టారు? పచ్చని చెట్టును హింసించడం ఎంత నేరమో తెలుసా మీకు?"

"ఇందాక కలుపన్నారు. మేకులు కనబడగానే చెట్టయిందా?"

"నువ్వూరుకోవే" అన్నాడు బాబాయ్.

"ఊరుకున్నాను కాబట్టే నిన్ను చేసుకున్నాను" అంది పిన్ని.

డాక్టరు గారు చర్చ ముగించి చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు. నేనూ ఎత్తాను. నిజానికి ముక్కు మీద ఈగ వాలితే తోలుకోవడానికి ఎత్తాను. లెక్కలో పడిపోయింది. తీర్మానం ఏకగ్రీవమైంది.

మర్నాడు పొద్దున్నే రంపం మేస్త్రీ మనుషులతో దిగాడు. భుజాన మరరంపం, చేతిలో లావుపాటి తాడు చుట్ట. చెట్టు ఇళ్ల మీద పడకుండా కొమ్మకు తాడు కట్టి, రెండో కొస వీధిలోకి లాగాలి. లాగారు. తాడు వెళ్లి మొదటి గేటు ముందున్న కంచెకు తగులుకుంది. అది మా బావమరిది కంచె. కంచె ఒరిగింది. లోపల పుల్ల పుటుక్కున విరిగింది.

ఆ చప్పుడుకు వీధి వీధంతా బయటికి వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి, పొయ్యి మీద పాలు పొంగాయి. డాక్టరు గారు చేతిలో పట్టుకారుతో సహా క్లినిక్ నుంచి పరిగెత్తుకొచ్చారు. ఆయన వెనకే పన్ను పీకించుకుంటున్న మనిషి తెరిచిన నోరు తెరిచినట్టే పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఆయనకంటే నోరు మూసుకునే వీలు లేదు, మిగతావాళ్లం కూడా అలాగే ఉన్నాం.

"అయ్యా, అది ఎండిపోయిన పుల్ల కదండీ" అన్నాడు మేస్త్రీ.

"ఎండితే?" అన్నాడు మా బావమరిది. "పేరుంది."

మేస్త్రీ చేత బోర్డు ముందు తప్పు చెప్పించాం. డాక్టరు గారు స్వయంగా కింద కూర్చుని, పుల్ల రెండు ముక్కలనూ ఒకచోట చేర్చి, దూది పెట్టి, కట్టు కట్టారు. "కదిలించకండి. వారం దాకా గట్టిది ఏదీ తగలకూడదు" అన్నారు. అలవాటులో అన్నారు. మా చెల్లెమ్మ, అంటే బావమరిది భార్య, కళ్లు తుడుచుకుంది.

ఇదంతా పిన్ని తన పీట మీద నుంచి చూస్తోంది. అటు రెండు దారులకు నీడనిచ్చే మాను మెడకు తాడు పడితే ఒక్క గుమ్మం తెరుచుకోలేదు. ఇటు చిటికెనవేలంత పుల్ల విరిగితే వీధంతా కూలబడింది. ఆమె సూదిని రవిక అంచుకు గుచ్చుకుని లేచింది. తిన్నగా డాక్టరు గారి దగ్గరికి వెళ్లింది.

"డాక్టరు గారూ, ఒక్క మాట. తప్పుగా అనుకోకండి. మీ గేటు ముందు మీ పేరున ఉన్నది నా మోకాటి ఎత్తు కూడా లేదు. మీరేమో సంఘానికే పెద్ద. పైనుంచి వచ్చే పెద్దమనిషి చూస్తే ఏమనుకుంటాడు?"

డాక్టరు గారికి ఆ దిగులు ముందునుంచీ ఉన్నట్టుంది. "ఏం చేయమంటావమ్మా? ఎన్ని నాటినా పెరగడం లేదు."

"పెరిగినదాన్నే నాటండి."

ఆయనకు అర్థం కాలేదు. పిన్ని వేలు చూపించింది. ఆయన తలెత్తి బాదం చెట్టు వంక చూశారు. రోజూ దాని కింద కారు పెట్టే మనిషి దాన్ని తేరిపార చూడడం అదే మొదలు.

"దీన్ని నాటొచ్చా?"

"బోర్డు లేదు కదండీ. బోర్డు లేదంటే ఇంకా నాటలేదన్నమాటే. నేనన్నది కాదు, నిన్న మీ సంఘం అన్నది."

డాక్టరు గారి ముఖం వెలిగింది. ఆ వెలుగు మా బావమరిది కంటపడింది. కట్టు కట్టిన పుల్లను వదిలేసి ఒక్క అంగలో వచ్చాడు.

"ఆగండాగండి. నాటేటట్టయితే హక్కు నాది. పుల్ల పోగొట్టుకున్నవాణ్ని నేను. నష్టపోయినవారికి ముందు ఇవ్వడం ఏ ఆఫీసులోనైనా ఉన్నదే."

"అధ్యక్షుడుండగా కార్యదర్శి పెద్ద చెట్టు నాటడం ఎక్కడైనా ఉందా?"

"మీ పుల్ల బాగానే ఉంది కదండీ."

"బాగుండడమేంటయ్యా, మొదలే పుచ్చింది."

అలా మాటా మాటా పెరిగింది. వీధి రెండు పక్షాలైంది. ఇళ్లలోంచి పీటలు వచ్చాయి, స్టూళ్లు వచ్చాయి, అవి చాలక బాబాయ్ పెట్టె మీద కూడా కూర్చున్నారు. అందరూ నీడ చూసుకునే కూర్చున్నారు. మేస్త్రీ రంపం తలకింద పెట్టుకుని చెట్టు మొదట్లో పడుకున్నాడు. "కొట్టాలో వద్దో తొందరగా తేల్చండి బాబూ, ఇక్కడ గాలికి నిద్ర ముంచుకొస్తోంది" అన్నాడు. ఆ తరువాత గురక పెట్టాడు.

ఇద్దరూ తగ్గలేదు కనుక చివరికి ముఖ్య అతిథి చేతే నాటించాలని రాజీ కుదిరింది. అప్పుడు ఒక చిక్కు బయటపడింది. నాటబోయే చెట్టును కొట్టడం కుదరదు. కొట్టకపోతే టెంటు వేయడం కుదరదు. టెంటు లేకపోతే అతిథికి నీడ ఎలా? సభ్యులంతా చెంపలకు చేతులు పెట్టుకుని ఆలోచించారు. చాలాసేపటికి ఎవరో, "మనం ఇప్పుడు నీడలోనే కూర్చున్నట్టున్నాం" అన్నారు. అందరూ కింద చూశారు, పైన చూశారు. నిజమే. ఈ సంగతి కనిపెట్టడంలో అధ్యక్షుల వారి దూరదృష్టిని అభినందిస్తూ అక్కడికక్కడే ఇంకో తీర్మానం చేశాం.

మేస్త్రీని లేపి పంపేశాం. తాడు విప్పుకుని ఆవులిస్తూ పోయాడు. బాబాయ్ చెట్టుకు వీపు ఆన్చి కూలబడి, ఒక పెద్ద ఊపిరి వదిలాడు. అప్పుడే టబ్బులో ఆకు పడింది. తిట్టలేదు.

నాటడానికి పద్ధతి ఉంది. మొక్క నల్లటి ప్లాస్టిక్ కవరులో ఉండాలి. కవరు చింపి గుంటలో పెట్టాలి. మట్టి కప్పాలి. నీళ్లు పోయాలి. ఇందులో ఏది తప్పినా నాటినట్టు కాదని మా బావమరిది పట్టుబట్టాడు. నల్ల ప్లాస్టిక్ చుట్ట తెప్పించి, మాను చుట్టూ మనిషెత్తు దాకా చుట్టి, పురికొస కట్టాం. బాబాయ్ చేత మేకులు పీకించాం. టైర్లు దింపించాం. ఆయనే చెట్టు చుట్టూ జానెడు లోతు గుంట తవ్వాడు. లోతు ఎక్కువైతే వేరు తగులుతుందని పిన్ని పక్కనే నిలబడి తవ్వించింది. పనంతా అయ్యాక చూస్తే, మా చెట్టు తలస్నానం చేసి నల్ల తువ్వాలు చుట్టుకున్న మనిషిలా ఉంది.

ఆ రోజు రానే వచ్చింది. ముందు కారు వచ్చింది. వెనక కారు కూడా వచ్చింది. మా ప్రాణం కుదుటపడింది. ముఖ్య అతిథి దిగి, "మొక్క ఏదండీ?" అన్నారు.

డాక్టరు గారు చూపించారు. అతిథి చూపు మాను వెంట పైకి పోయింది, కొమ్మల్లోకి పోయింది, ఇంకా పైకి పోయింది. టోపీ జారి వెనక పడింది. వెనక కారు మనిషి తీసి తుడిచి ఇచ్చాడు. అతిథి తొణకలేదు. కట్టని భవనాలకు రిబ్బన్లు కత్తిరించిన చెయ్యి అది. ఉన్న చెట్టును నాటడం ఆయనకొక లెక్కా?

"ఏపుగా ఉన్న మొక్కను ఎంపిక చేశారు" అన్నారు.

కత్తెరతో కవరు కోశారు. గుప్పెడు మట్టి వేశారు. మగ్గుతో నీళ్లు పోశారు. ఫోటో తీసేవాడు "సార్, మొక్కను పట్టుకోండి సార్" అన్నాడు. ఆయన కౌగిలించుకున్నారు. చేతులు చాలలేదు. డాక్టరు గారు అటునుంచి కౌగిలించుకున్నారు. ఇంకా కొంచెం మిగిలింది. అది మా బావమరిది పూర్తి చేశాడు. ఇప్పుడు హాల్లో తగిలించిన ఫోటో అదే. అందులో ముఖ్య అతిథి ముఖం, ఎవరివో నాలుగు చేతులు కనిపిస్తాయి.

తరువాత ఆయన ప్రసంగించారు. "ఈ చిన్నారి మొక్క రేపొకనాడు మహావృక్షమై, మన బిడ్డలకు నీడనిస్తుంది. ఆ నీడను చూడడానికి మనం ఉండకపోవచ్చు. అయినా నాటుతున్నాం. త్యాగమంటే ఇదే." మేమంతా ఆ నీడలోనే నిలబడి చప్పట్లు కొట్టాం. కొందరికి కళ్లనీళ్లు కూడా వచ్చాయి. సరిగ్గా అప్పుడే పైనుంచి ఒక బాదం కాయ టప్పున వెనక కారు మనిషి నెత్తిన పడింది. అతను నెత్తి రుద్దుకున్నాడు గాని పైకి మాత్రం చూడలేదు. బాగా పని నేర్చిన మనిషి.

బోర్డు పెద్దది. అతిథి పేరు పెద్దక్షరాల్లో. కింద, అధ్యక్షుల సమక్షంలో, కార్యదర్శి పర్యవేక్షణలో అని చిన్నక్షరాల్లో. పుల్లకు పెట్టే ఇనప కంచె దీనికి పట్టలేదు. పద్ధతి ప్రకారం కంచె ఉండాలి కాబట్టి, దాన్ని చెట్టు పక్కన ఖాళీగా నిలబెట్టాం.

కథ ఇక్కడితో సుఖాంతం కావలసింది. కాని మర్నాడు పొద్దున్నే మా బావమరిది చేతులు వెనక్కి కట్టుకుని వచ్చాడు. నేను సైకిలుకు గాలి కొట్టించుకుంటున్నాను.

"బాబాయ్, ఇక ఇక్కణ్నుంచి సర్దుకోవాలయ్యా. ఇది బోర్డున్న చెట్టు. దీని కింద పాత టైర్లేంటి, గ్రీజేంటి? అతిథి గారి పరువేం కాను?"

బాబాయ్ చేతిలో పంపు ఆగిపోయింది. బోర్డు వచ్చి చెట్టు బతికింది, బోర్డు వచ్చి ఆయన బతుకు పోయింది. పిన్ని వంక చూశాడు. పిన్ని దారం కొరికి తెంపి నిదానంగా లేచింది.

"అట్లాగే వెళ్లిపోతాం. మాదేముంది? పసిమొక్క సంగతే నాకు బెంగగా ఉంది."

"పసిమొక్కేంటి?"

"నిన్ననే కదండీ నాటారు. పెద్దాయన చెప్పాడుగా, చిన్నారి మొక్కని. ఎవరూ కాపలా లేకపోతే మేకలు తినేస్తాయేమోనని."

మా బావమరిది తలెత్తి చెట్టు చిటారు కొమ్మ వంక చూశాడు. అంత ఎత్తు మేక లోకంలో లేదు. ఆ మాటే అనబోయాడు. అంటే చెట్టు పాతదని ఒప్పుకున్నట్టు. చెట్టు పాతదైతే అతిథి నాటనట్టు. అతిథి నాటకపోతే బోర్డు అబద్ధం. బోర్డు అబద్ధమైతే, కింద చిన్నక్షరాల్లో ఎవరున్నారు?

జేబులోంచి రుమాలు తీసి బోర్డు మీది చిన్నక్షరాలు తుడిచాడు. కక్కలేడు, మింగలేడు.

"నాటిన మొక్కకు ఎదిగేదాకా కాపలా మనిషి ఉండాలని మీ సంఘం రూల్సులో ఉందట కదండీ" అంది పిన్ని. "మీరే ఎవరితోనో అంటుంటే విన్నాను."

"ఉంది" అన్నాడు మా బావమరిది.

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలకుండా కూచునే మనిషి కావాలి. ఎవరు దొరుకుతారో ఏమో ఈ రోజుల్లో."

మా బావమరిది నా వైపు తిరిగాడు. "ఏమంటావు బావా?"

"గాలి సరిపోయింది" అన్నాను సైకిలు టైరు నొక్కి చూస్తూ.

ఆ సాయంత్రానికి బాబాయ్‌ని పసిమొక్క కాపలాదారుగా సంఘం నియమించింది. మొక్క ఎదిగేదాకా. టైర్లు మళ్లీ ఎక్కాయి. మేకులు కొట్టకూడదని షరతు పెట్టారు గనుక, ఖాళీగా నిలబెట్టిన ఇనప కంచె లోపల ట్యూబులన్నీ పేర్చుకున్నాడు. కంచె వల్ల లాభపడినవి మా వీధిలో ఆ ట్యూబులే.

ఏడాది తిరిగింది. పట్నంలోని వీధులన్నిటిలో గత సంవత్సరం నాటిన మొక్కల్లో ఏది బాగా ఎదిగిందో తేల్చడానికి ఒక పరిశీలక బృందం వచ్చింది. చదువుకున్నవారు. బోర్డు మీద తేదీ చూశారు. చెట్టు చూశారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మళ్లీ బోర్డు చూశారు, ఈసారి పేరు చూశారు. "అద్భుతం" అన్నారు. మొదటి బహుమతి మా వీధికే వచ్చింది. రెండో బహుమతి వచ్చిన మొక్కకు నాలుగు ఆకులున్నాయట.

వెళ్లేముందు వాళ్లు కాపలాదారుణ్ని పిలిచి, "ఏం వేశావు దీనికి? ఏ ఎరువు?" అని అడిగారు. బాబాయ్‌కి తెలిసిన పని ఒక్కటే. "ఎరువేం లేదండీ. రోజూ గాలి కొట్టాను" అన్నాడు.

వాళ్లు తల ఊపి రాసుకున్నారు. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

ఆ మాట మధ్యాహ్నానికి వీధంతా పాకింది. ఇన్నాళ్లూ నీళ్లు పోసి తప్పు చేశామని అందరూ బాధపడ్డారు. మర్నాటినుంచి బాబాయ్ దగ్గర పంపులకు వరుస కట్టారు. ఇప్పుడు మీరు పొద్దున్నే మా వీధికి వస్తే కన్నుల పండువగా ఉంటుంది. రిటైరైన పెద్దలు, ఇంకా రిటైరవని పెద్దలు, గేటు ముందు వంగి, ఎవరి పుల్ల మొదట్లో వాళ్లు ఉస్సు ఉస్సుమని గాలి కొడుతుంటారు. ఒంటికి మంచి వ్యాయామం. డాక్టరు గారు ఈ విషయం మీద ఉపన్యాసం కూడా ఇచ్చారు. చిగుళ్లకు గాలి తగలాలని ఆయన ముందునుంచీ చెబుతూనే ఉన్నారట.

మొన్న పొద్దున మా బావమరిది గేటు ముందు ఒక వింత జరిగింది. చెట్టు మీది నుంచి ఎప్పుడో దొర్లిన కాయ కాబోలు, అతని కంచె లోపల, కట్టు కట్టిన పుల్లకు బెత్తెడు దూరంలో, రెండు లేత ఆకులు లేచాయి. ఆకుపచ్చగా, తళతళలాడుతూ. బాదం మొలక. పంపు పట్టుకుని నలుగురం చుట్టూ చేరాం.

"ఇదేంటి?" అన్నాడు మా బావమరిది.

"మొలిచింది" అన్నారెవరో.

"ఎవరు నాటారు?"

ఎవరూ నాటలేదు. అతను వంగి, రెండు వేళ్లతో దాన్ని పుటుక్కున పీకి, గోడ అవతలికి విసిరేశాడు. చేతులు దులుపుకున్నాడు. పుల్లకు అడ్డం తొలగినందుకు అందరం మెచ్చుకున్నాం. తరువాత పంపు సరిచేసుకుని గాలి కొట్టడం మొదలుపెట్టాడు. కాసేపటికి అలసట వచ్చి, నడుం పట్టుకుని నిలబడి, నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"బావా, దీని నీడలో మనం ఎప్పటికి నిలబడతామంటావు?" అని అడిగాడు.

బాదం చెట్టు నీడ అప్పటికి అతని గేటు దాకా వచ్చింది. అందులోనే నిలబడి అడిగాడు.

నేను నవ్వలేదు. మీరూ నవ్వకండి. ముందు మీ గేటు దాకా వెళ్లి, మీరు రోజూ నీళ్లు పోస్తున్నది ఏమిటో ఒకసారి చూసుకుని రండి. పంపు కావాలంటే బాబాయ్ ఇస్తాడు. బోర్డు ఎలాగూ మీ దగ్గర ఉండే ఉంటుంది.